హెలికాప్టరెక్కి కాలినడక!

వీపున సంచి తగిలించుకుని దేశాలు తిరగడం మొగల్తూరు కుర్రాళ్లకి కొత్త మోజు. తిరగనివ్వండి, మంచిదే. న్యూజిలాండ్‌లో ఫ్రాంజ్ జోసెఫ్ అని ఓ హిమానీనదం ఉంది. ఒకప్పుడు గైడు వెంట లోయలో నడుచుకుంటూ వెళ్లి దానిమీద కాలు పెట్టేవారు. మంచు కరిగి వెనక్కి జరిగిపోవడంతో 2012 నుంచి హెలికాప్టరే దిక్కు. అంటే, వేడికి కరిగిపోతున్నదాన్ని చూడ్డానికి ఇంధనం తగలేసుకుంటూ ఎగరడం, దిగాక బూట్లకి ఇనప మేకులు బిగించుకోవడం, ‘ప్రకృతి ఒడిలో’ అని ఫొటో పెట్టడం. దీన్ని కాలినడక అంటారట. ఆయ్!

మంచుమీద నడకే ముచ్చటైతే, రొయ్యల పెట్టెల్లోకి ఐసు దంచేవాళ్లు రబ్బరు చెప్పులేసుకుని రోజూ నడుస్తూనే ఉన్నారు. వాళ్లకి గైడూ లేడు, ఫొటో తీసే నాథుడూ లేడు.

ఐక్యరాజ్యసమితి 2025ని హిమానీనదాల పరిరక్షణ సంవత్సరంగా ప్రకటించింది. మనవాళ్లకి అర్థమైంది మాత్రం ఒక్కటే: కరిగేలోపు చూసొచ్చేయాలి!

కొండమీద కరిగిన మంచు ఆవిరైపోదు బాబూ, చివరికి సముద్రంలోనే కలుస్తుంది. ఆ సముద్రం మనకి పేరుపాలెం దగ్గరే ఉంది. టిక్కెట్టు తీసేముందు ఓ సాయంత్రం అటెళ్లి, అల ఎందాకా వస్తోందో చూసి రండి.