ఆశకు శాతమెంత? – హాకీ లీగు కమిషనరుగారికి బహిరంగ లేఖ

టొరంటో,
డిసెంబరు, 2012.

మహారాజశ్రీ నేషనల్ హాకీ లీగు కమిషనరు గ్యారీ బెట్‌మన్‌గారి సముఖమునకు ఒక అభిమాని చేసికొను విన్నపము.

ఆర్యా! తాము 1993వ సంవత్సరము ఫిబ్రవరి మాసమున ఈ పదవి నలంకరించినది మొదలు లీగు తలుపులు ముమ్మారు మూతపడినవి: 1994లో ఒకమారు, 2004లో ఒకమారు, గడచిన సెప్టెంబరు 15వ తేదీ అర్ధరాత్రి మరియొకమారు. ఆట నడిపించుటకై నియుక్తులైనవారు ఆట నాపుటయందు ఇంతటి అనుభవము గడించుట లోకమున మిక్కిలి అరుదు గనుక, కుశలప్రశ్నలకు ముందే తమ కార్యదక్షతకు అభినందనము లర్పించుకొనుచున్నాను.

నేను తమ లెక్కలలో ఏ పద్దుక్రిందికిని రానివాడను. జట్టునకు యజమానిని కాను, ఆటగాడను కాను, వారి తరపు వకీలును కాను. ధ్యాన్‌చంద్ పేరు వినుచు పెరిగి, హాకీ యనగా పచ్చికమీద ఆడునదే యని నమ్మి, ఈ దేశమునకు వచ్చిన పిదప అదే పేరు గల ఆటను మంచుమీద చూచి విభ్రాంతుడనై, ఇచటి సుదీర్ఘమైన శీతకాలమును గడుపుటకు ఇంతకంటె మేలైన మార్గము లేదని తెలిసికొని, టొరంటో మేపుల్ లీఫ్స్ పక్షమున చేరిన తెలుగువాడను. 1967 తరువాత స్టాన్లీ కప్పు ముఖము చూడని జట్టు నభిమానించువానికి ఆశ యన నేమో వేరొకరు బోధింపనక్కరలేదు. 2005 ఫిబ్రవరి 16వ తేదీన తాము సీజను నంతటిని రద్దు చేసినపుడు ఊరెల్ల విలపించినమాట నిజమేగాని, ఏ జట్టును కప్పు గెలువని ఆ యొక్క సంవత్సరమున మా జట్టు తక్కినవారందరితో సమానముగ నిలిచినదిగదా యని మాలో కొందరు లోలోన తృప్తిపడిన మాటయు నిజమే.

లాకౌటు తెలుగువా రెరుగని విపత్తు కాదు. నెల్లిమర్లలోను, చిట్టివలసలోను జూటుమిల్లుల గేట్లకు తాళములు పడినపుడు, పొయ్యిలో పిల్లి లేవని యిండ్ల సంగతి మేమెరుగుదుము. ఇచట మాత్రము తగవులాడు ఉభయపక్షముల పొయ్యిలలోను పిల్లి పడుకొనిన జాడ లేదు. అది పోయి చేరినది, ఆటనాడు ద్వారముకడ టికెట్లు చూచువారి యింటను, మెట్లెక్కి దిగుచు బీరు నమ్ముకొనువారి యింటను, స్టేడియము ప్రక్క వీధిలోని భోజనశాలలో వడ్డించువారి యింటను. వారి పక్షమున మాటలాడుటకు సంప్రదింపుల బల్లయొద్ద ఒక్క కుర్చీయు లేదు.

తగవును చూడబోయిన మిక్కిలి సరళము. లీగునకు ఏటికి వచ్చు ఆదాయము సుమారు 330 కోట్ల డాలర్లు. అందులో ఆటగాండ్ర వాటా ఇంతవరకు 57 శాతము. దానిని సగమునకు దింపవలెనని తాము. దింపినను, ఇదివరకు వ్రాసికొనిన కాంట్రాక్టుల సొమ్ము దక్కవలసినదే యని డోనాల్డ్ ఫేర్‌గారి నాయకత్వమున ఆటగాండ్ర సంఘమువారు. సగమునకు సగ మను మాటపై ఉభయులును ఇంచుమించు కుదిరిన పిదపను, ఆ సగమును చేరు త్రోవ యేదియో తేలకపోవుటచేత, జనవరి 1వ తేదీన మిషిగన్ విశ్వవిద్యాలయపు స్టేడియములో టొరంటో, డెట్రాయిట్ జట్లు ఆరుబయట ఆడవలసిన ఆట పోయినది; కొలంబస్‌లో జరుగవలసిన ఆల్‌స్టార్ ఆట పోయినది; ఈ మాసాంతమువరకు గల ఆటలు 500కు పైగా పోయినవి.

దీర్ఘకాలపు కాంట్రాక్టుల విషయమై నాకొక సందేహము కలదు. ఆటగానితో ఐదేండ్లకు మించి ఒడంబడిక చేసికొనరాదని యజమానులు పట్టుపట్టియున్నారుగదా. ఈ జూలై 4వ తేదీననే మినిసోటా వైల్డ్ జట్టువారు జాక్ పరీజేగారికిని, రయన్ సూటర్‌గారికిని, ఒక్కొక్కరికి 13 ఏండ్లకుగాను 9 కోట్ల 80 లక్షల డాలర్లు వ్రాసియిచ్చిరి. ఆ జట్టు యజమాని క్రెయిగ్ లీపోల్డ్‌గారే అటుపిమ్మట సంప్రదింపులలో యజమానుల వరుసను కూర్చుండి, అట్టి కాంట్రాక్టులకు కళ్లెము వేయవలెనను పక్షమున నిలిచిరి. తన చేతులనుండి తన్ను గాపాడుమని తాళముకప్పను శరణుజొచ్చిన ధనికుని కథ మా పురాణములలో సైతము లేదు.

ఇక ఈ నెల 6వ తేదీనాటి వినోదమును తాము మరచియుండరు. తమరును ఫేర్‌గారును తొలగి నిలువగా యజమానులును ఆటగాండ్రును ముఖాముఖి కూర్చుండిరని విని మేము కొంత తేరుకొంటిమి; ఒప్పందము చేరువైనదని ఫేర్‌గారు పత్రికలవారితో పలికినంతనే మరికొంత తేరుకొంటిమి; ఆయన వేదిక దిగిన కొలది నిమిషములకే, ప్రతిపాదన త్రోసివేయబడినదను సందేశము టెలిఫోనులో వచ్చియున్నదని తెలుపుటకై మరల వేదిక నెక్కిరి. ఆటలేని కాలమున ఉత్కంఠకు లోటు రానీయని తమ ఉభయుల ఔదార్యము కొనియాడదగినది.

ఇంతకును నా విన్నపము వేరొకటి. కిందటి మారు లీగు తిరిగి కోలుకొనుటకు కారణము మా అభిమానులు ప్రపంచములోకెల్ల ఉత్తములగుటయే యని తాము ఆగస్టు మాసమున సెలవిచ్చితిరి. మొదట ఈ ప్రశంసకు పొంగిపోయితిమి. పిదప ఆలోచింపగా అది ప్రశంస కాదు, పూచీపత్రమని తెలిసినది. తలుపు మూసినవాడు, ఎన్నడు తెరచినను జనము వచ్చి నిలుతురను ధైర్యముతో మూయుచున్నాడు. తలుపు వెలుపల నిలిచిన ఆటగాడును అదే ధైర్యముతో నిలిచియున్నాడు. ఉభయుల మొండితనమునకును మా ఆశయే హామీ. మేమన్ననో ఆ హామీని దినదినము దృఢపరచుచునే యున్నాము: శనివారపు రాత్రులందు సి.బి.సి. వారు పాత ఆటలు ప్రసారము చేయగా, ఫలిత మెన్నడో తెలిసియున్నవాటిని చూచుచు, గోలు తప్పినచోట మరల తలలు కొట్టుకొనుచున్నాము. ఆదాయమునందు మైదానపు ప్రకటనలకు లెక్క కలదు, పార్కింగుకు లెక్క కలదు. ఇన్నిటికిని మూలధనమైన ఈ ఆశకు శాతమెంతయో 57లోను లేదు, 50లోను లేదు.

కావున మేమును ఒక కాంట్రాక్టు ప్రతిపాదించుచున్నాము. ఇంతవరకు మా భక్తి యావజ్జీవము, నిబంధనారహితము. ఆటగానికి ఐదేండ్లకు మించిన ఒడంబడిక క్షేమకరము కాదని తాము తలచుచున్నారు గనుక, అదే న్యాయమున, ఇకమీదట మా అభిమానమును ఒక్కొక్క సంవత్సరమునకు మాత్రమే వ్రాసియిత్తుము. తలుపులు మూసిన యేట మేము స్వేచ్ఛాపరులము. ఊరి రింకులలో ఆడు పిల్లలకు, జూనియరు జట్లకు మా చప్పట్లు సమర్పించుకొను హక్కు మాకుండును. 1892లో స్టాన్లీ ప్రభువు 10 గినీలు పెట్టి కొనియిచ్చిన కప్పు, మొదట బహూకరింపబడిన 1893 మొదలుకొని, రెండు సంవత్సరములు మాత్రమే ఎవరికిని దక్కలేదు: 1919లో ఇన్‌ఫ్లూయెంజా కారణమున, 2005లో తమ సంప్రదింపుల కారణమున. మూడవ సంవత్సరము చేరినచో మా కాంట్రాక్టు ఆనాటితో రద్దు.

తుదకొక్క నిబంధన. ఏటేట జూన్ మాసమున కప్పు నందించుటకై తాము మంచుమీదికి విచ్చేయగానే వేలాది గొంతులనుండి ఏకకంఠముగ ఛీత్కారము వెలువడుట ఆచారమైనది. తాము దానిని చిరునవ్వుతో సహించుచున్నారు. ఆ ఛీత్కారము వెలువడవలెనన్న తుదిపోటీ జరుగవలెను. తుదిపోటీ జరుగవలెనన్న తాళము తీయవలెను. ఎల్లవిధముల మాకు ద్రోహము చేసినను, తమ్ము కన్నులార చూచి తిట్టుకొను భాగ్యమునకు మాత్రము ఈ జూన్‌లో భంగము రానీయకుడని వేడుకొనుచున్నాను.

చిత్తగింపవలెను.

ఇట్లు,
టికెట్టు కొని తీరునని తాము సరిగనే ఊహించిన
ఒక అభిమాని.