పడిన మీటకు టీకా తాత్పర్యం

అవతారిక. మూలం లేనిదే టీక నిలవదు. సర్వరు గదిలో కరెంటు పంచే పట్టీ మీద పద్యం ఎవరూ సిద్ధంగా పెట్టలేదు గనక, దాన్ని కూడా టీకాకారుడే సమకూర్చుకున్నాడు. టీకలు రాయడం కడపకు కొత్త కాదు. 1820లో ఆ ఊరికి వచ్చిన సి.పి. బ్రౌను బంగళా కొని, పండితులను జీతాలకు కుదిర్చి, ఒక్కొక్క కావ్యానికి దొరికినన్ని ప్రతులు తెప్పించి, పాఠాలు సరిచూపించి, శుద్ధప్రతులూ టీకలూ రాయించాడు. ఆ బంగళా ఉన్నచోటే ఇప్పుడు ఆయన పేరిట గ్రంథాలయం ఉంది. తప్పు కనపడగానే దిద్దకూడదు, ఎక్కడ చొరబడిందో ముందు కనుక్కోవాలి అన్నది ప్రతులు సరిచూసేవాడి మొదటి నియమం. కరెంటుకూ అదే నియమం వర్తిస్తుందని ఈ టీక ప్రతిజ్ఞ. పద్యం ఆటవెలది:

మీట పడిన వేళ మేలెంచి యెత్తకు
కొలిచి చూడు మొదట గుట్టు తెలియు
తప్పు మీటదనకు తాపమ్ము తీగది
భారమెంతొ తెలియ బతుకు నిలుచు

ప్రతిపదార్థం. మీట = బ్రేకరు, వాడుకలో ఎంసీబీ; పడిన వేళ = ట్రిప్పయినప్పుడు; మేలెంచి = మంచే జరుగుతుందిలే అనుకొని; ఎత్తకు = తిరిగి ఆన్ చేయకు; మొదట = మున్ముందుగా (ఈ మాట మీద వివాదం ఉంది, కింద చూడండి); కొలిచి చూడు = మీటరు పెట్టి చూడు; గుట్టు = అసలు కారణం; తెలియు = బయటపడుతుంది; తప్పు మీటది అనకు = ఎంసీబీ పాడైందని తేల్చేయకు; తాపమ్ము = వేడి; తీగది = వైరుదీ, వైరు బిగించిన మరదీ; భారమెంతొ = లోడు ఎన్ని ఆంపియర్లో; తెలియ = తెలిస్తే; బతుకు = సర్వర్లదీ, వాటిని నమ్ముకున్న ఉద్యోగిదీ; నిలుచు = నిలబడుతుంది.

తాత్పర్యం. యూపీఎస్ నుంచి వచ్చిన కరెంటును ర్యాకులోని సర్వర్లకు పంచే నిలువు పట్టీ పేరు పీడీయూ. సుంకేసుల దగ్గర తుంగభద్ర నీళ్లు పట్టుకొని మూడు వందల పైచిలుకు కిలోమీటర్లు నడిచే కేసీ కెనాలుకు పొలం దగ్గరి తూము ఎలాంటిదో, యూపీఎస్‌కు పీడీయూ అలాంటిది. సీమకు నీళ్ల కరువే గాని కరెంటు పుట్టుకకు కరువు లేదు. ఎర్రగుంట్ల వైపు రాయలసీమ థర్మల్ కేంద్రం స్థాపిత సామర్థ్యం 1,650 మెగావాట్లు. గని, శకునాల గ్రామాల దగ్గర 2017లో పూర్తయిన సోలార్ పార్కుది 1,000 మెగావాట్లు. అయినా కలెక్టరేటు సర్వరు గదిలోనో, ఇడుపులపాయ, జగన్నాథగట్టు వంటి విద్యాప్రాంగణాల సర్వరు గదుల్లోనో యంత్రం ఆగిందంటే, చిక్కు తరచుగా ఆఖరి రెండు మీటర్లలోనే, అంటే ర్యాకు నిలువులోనే ఉంటుంది. అక్కడ పడిన మీట దోషి కాదు, సాక్షి. సాక్షి నోరు విప్పకముందే దాన్ని నిలబెట్టి పంపేయవద్దన్నది పద్యభావం.

మొదటి పాదం. పడిన మీట ఏం సాక్ష్యం చెబుతుంది? ఎంతసేపటికి పడిందో చెబుతుంది. ఎంసీబీలో రెండు యంత్రాంగాలు ఉంటాయి. వేడికి వంగే ద్విలోహపు రేకు ఓవర్‌లోడును నెమ్మదిగా పసిగడుతుంది; అయస్కాంతపు చుట్ట షార్ట్ సర్క్యూట్‌ను తక్షణం పట్టేస్తుంది. ఐఈసీ ప్రమాణం ప్రకారం 16 ఆంపియర్ల మీట దాని విలువకు 1.13 రెట్ల దగ్గర, అంటే 18 ఆంపియర్ల దగ్గర, గంటసేపు పడకూడదు, 1.45 రెట్ల దగ్గర, అంటే 23 దాటితే, గంటలోపు పడి తీరాలి. అందుచేత ఎత్తగానే టప్పున పడితే ఒక అర్థం, నలభై నిమిషాలు ఓర్చుకొని పడితే వేరే అర్థం. పడిన సమయం రాసుకోకుండా ఎత్తినవాడు తాటాకు మీది అక్షరాన్ని చెరిపి తనకు తోచింది గీసిన రాయసగాడి వంటివాడు. మరొక దోషం కూడా ఉంది. బోరు మోటార్లకు ఆటో స్టార్టర్లు పెట్టిన ఊళ్లో కరెంటు రాగానే మోటార్లన్నీ ఒక్కసారి లేస్తాయి. ఆ దెబ్బకు ట్రాన్స్‌ఫార్మర్ మూలుగుతుంది. అది సీమ రైతుకు ఎవరూ చెప్పనక్కరలేదు. ర్యాకు నిండా ప్లగ్గులు ఉంచి మీట ఎత్తితే జరిగేదీ అదే. సర్వర్ల పవర్ సప్లైలు మొదటి క్షణంలో మామూలుకంటే ఎన్నో రెట్లు కరెంటు గుంజుతాయి. ఆ గుంజుడుకు మీట మళ్లీ పడితే, లేని షార్ట్ సర్క్యూట్ ఉన్నట్టు భ్రమ పుడుతుంది.

ఇక్కడ పూర్వపక్షం: జనం పనులు ఆగిపోయి ఉంటే సాక్ష్యం, విచారణ అంటూ కూర్చోవడం తగునా? తగదు. అయితే కూర్చోమని పద్యం చెప్పలేదు, మేలెంచి ఎత్తవద్దని మాత్రమే చెప్పింది. ఆ మీట కింది ప్లగ్గులన్నీ తీసి, ఖాళీ మీటను ఎత్తి, ఒక్కొక్కటే తగిలించుకుంటూ పోతే నిమిషాల్లో పని అవుతుంది. ఏ ప్లగ్గు తగిలించగానే టప్పున పడిందో అదే దోషస్థానం. ఆలోచించకుండా మూడుసార్లు ఎత్తి, మూడుసార్లు పడ్డాక ఎలక్ట్రీషియన్‌కు ఫోను చేసేవాడికి పట్టే సమయం కంటే ఇది తక్కువే.

రెండవ పాదం. ఇక్కడ గడుసు పాఠకుడి శంక: మీట పడ్డాక తీగలో కరెంటే ఉండదు కదా, క్లాంప్ మీటరు పెడితే సున్నా తప్ప ఏం కనబడుతుంది? ఈ శంక న్యాయమైనది. కొందరు ‘కొలిచి’ అంటే వైర్ల ఇన్సులేషన్ కొలవడమని సమర్థిస్తారు. అది సగం సమాధానమే. పైగా సర్వర్లు తగిలించి ఉండగా ఆ కొలత తీసే మెగ్గర్ తిప్పితే రోగంతో పాటు రోగి కూడా పోతాడు. సరైన దారి అన్వయం మార్చుకోవడం. ‘మొదట’ అన్నది ‘ఎత్తేముందు’ అని కాదు, ‘పడకముందు’ అని. పీడీయూ బిగించిన రోజునా, ప్రతి కొత్త సర్వరు చేరిన రోజునా కొలిచి రాసుకున్న అంకె ఉంటేనే పడిన రోజు గుట్టు తెలుస్తుంది. మూలప్రతి లేకుండా పాఠదోషం పట్టలేనట్టే, ఆరోగ్యంగా ఉన్ననాటి అంకె లేకుండా జబ్బును పోల్చలేం.

మూడవ పాదం. ఎంసీబీలోని రేకును సాధారణంగా 30 డిగ్రీల వేడి దగ్గర సరిచూసి పంపుతారు. కర్నూలు వేసవి 40 దాటుతుంది. చుట్టూ వేడి పెరిగితే రేకు ముందే సగం వంగి ఉంటుంది, తక్కువ కరెంటుకే పడుతుంది. ఏసీ గదికి ఈ బాధ ఏమిటంటారా? బయట కరెంటు పోయినప్పుడు యూపీఎస్ సర్వర్లను మోస్తుంది గాని, చాలాచోట్ల ఏసీని మోయదు. సర్వర్లు నడుస్తూనే ఉంటాయి, గది ఉడుకుతూ ఉంటుంది. అందుకే ‘తాపమ్ము గదియది’ అని ఒక పాఠాంతరాన్ని ప్రతిపాదించవచ్చు. ఛందస్సు ఒప్పుకుంటుంది, వేసవిలో కర్నూలూ ఒప్పుకుంటుంది. అయినా ‘తీగది’ అన్నదే మేలైన పాఠం. వదులైన మర దగ్గర ఓములో పదో వంతు నిరోధం చేరినా 16 ఆంపియర్లకు 25 వాట్ల పైన వేడి పుడుతుంది. ఆ వేడి పక్కనున్న రేకుకు పాకి, కరెంటు హద్దు దాటకుండానే మీట పడుతుంది. అప్పుడు అందరూ మీటనే తిడతారు. ‘మీటలు కూడా ముసలివవుతాయి కదా’ అన్నది ఇక్కడి ఆక్షేపణ. అవుతాయి. లోడు హద్దులో ఉండి, మరలు బిగువుగా ఉండి, గది చల్లగా ఉండి, అయినా పడుతుంటే మీటనే మార్చాలి. పద్యం మీటను నిర్దోషి అనలేదు. చివరి ముద్దాయిగా పిలవమంది.

నాలుగవ పాదం. పద్యానికి ప్రాణం ఇక్కడుంది. పెద్ద సర్వరుకు రెండు పవర్ సప్లైలు ఉంటాయి. ఒకటి ‘ఏ’ వైపు పీడీయూకు, ఇంకొకటి ‘బీ’ వైపుకు తగిలిస్తారు. రెండు పట్టీలూ 16 ఆంపియర్లవి, రెండింటిలోనూ పదేసి ఆంపియర్లు నడుస్తున్నాయి అనుకుందాం. ఏది చూసినా క్షేమంగానే కనబడుతుంది. ‘ఏ’ పడిందంటే దాని భారమంతా ‘బీ’ మీదికి వచ్చి 20 అవుతుంది. అది 16కు 1.25 రెట్లు, అంటే 1.13కూ 1.45కూ నడుమ, పడుతుందో పడదో ప్రమాణం కూడా మాట ఇవ్వని చోటు. కాసేపు నిలుస్తుంది, అందరూ ఊపిరి పీల్చుకుంటారు, తర్వాత అదీ పడుతుంది. దాన్ని వేరే కొత్త జబ్బనుకొని రెండో విచారణ మొదలుపెడతారు. జబ్బు ఒక్కటే, అది కూడికలో ఉంది. ‘ఇప్పటి పీడీయూలు అంకెలు తెర మీదే చూపిస్తాయి, ఈ పద్యం దేనికి’ అన్నది ఆఖరి ఆక్షేపణ. తెర తన పట్టీ అంకెనే చూపిస్తుంది. పక్కదాని అంకె కలుపుకొని చదివే పని మనిషిది. రెండూ కలిసి 16 దాటకూడదు, 20 శాతం వెసులుబాటు ఉంచుకుంటే 13 దగ్గరే ఆగాలి. ఒక్కొక్క తాటాకు ప్రతి విడిగా చదివితే సుబ్బరంగానే ఉంటుంది. రెండింటినీ పక్కపక్కన పరిస్తేనే తప్పు లేచి కూర్చుంటుంది. బ్రౌను పండితులు చేసింది ఆ పరచడమే.

ఫలశ్రుతి. ఈ టీక చదివినవారి మీట పడదని చెప్పడం కుదరదు. పడడం దాని ధర్మం. పడనిది అసలు మీటే కాదు. ర్యాకు తలుపుకు వేలాడదీసిన నోటు పుస్తకంలో ‘ఏ’ కింద ఒక అంకె, ‘బీ’ కింద ఒక అంకె, వాటి కింద మొత్తం, పక్కన తేదీ ఉంటే చాలు. ఆటవెలది మరచిపోయినా ఫరవాలేదు.