తోడల్లుడి టీవీ కన్నా ఓ సైజు పైకి

పాత డబ్బా టీవీ వీపు మీద రెండు చరిచినా ఇక బొమ్మ రావడం లేదంటే కొత్తది కొనక తప్పదు. ఎన్ని అంగుళాలది కొనాలి? హాల్లో టేపు పట్టుకుని కొలిచేవాళ్లు కొందరుంటారు. వాళ్ల మాట వినకండి. ముందు మీ తోడల్లుడి ఇంట్లో ఎంతదుందో కనుక్కోండి.

సూటిగా అడిగితే కుళ్లనుకుంటారు. "మీ టీవీలో క్రికెట్ అదిరిపోతుందటగా అన్నయ్యగారూ" అని ఫోన్లో అంటే చాలు. సైజూ, మోడలూ, బేరమాడి ఎంత తగ్గించుకున్నదీ ఆయనే చెప్పుకొస్తాడు. ఆయనది 43 అయితే మీది 55. ఆయనది 55 అయితే మీది 65. ఆయనది 75 అని తేలితే మాత్రం "మనకెందుకమ్మా అంత ఆర్భాటం" అని మీ ఆవిడతో ఆ రాత్రే ఒక మాట అనేసి ఉంచుకోండి.

పన్ను సాకు చెప్పి చిన్నదానితో సరిపెట్టుకునే రోజులూ పోయాయి. 32 అంగుళాలు దాటిన టీవీల మీద జీఎస్టీ 2025 సెప్టెంబరు 22 నుంచి 28 శాతం కాస్తా 18కి దిగింది. ఎంతో గౌరవప్రదమైన సాకు అది, పాపం.

పొదుపరులైతే అంకెల్ని నమ్ముకోండి. పాతది 29, కొత్తది 32, మూడంగుళాలు లాభం! అంగుళాలు లెక్కించేది మూల నుంచి మూలకనీ, పాత తెర నాలుగుకి మూడు ఆకారమైతే కొత్తది పదహారుకి తొమ్మిదనీ షాపులో ఎవరైనా చెప్పబోతే తల ఊపి వచ్చేయండి. పాత 29 తెర ఎత్తు పదిహేడు అంగుళాల పైచిలుకు, కొత్త 32 ఎత్తు పదహారు కూడా ఉండదు. ఇంటికొచ్చాక "మనుషులు కురచైపోయారేమిట్రా" అని అమ్మ అడిగితే కళ్లజోడు మార్పించండి.

పాత సినిమా వేస్తే రెండు పక్కలా నల్లపట్టీలు వస్తాయి. డబ్బుపోసి కొన్న తెరని ఖాళీగా వదులుతామా? రిమోట్‌లో బొమ్మని సాగదీసే ఏర్పాటు ఉంటుంది, నొక్కండి. అందరూ అడ్డంగా మూడో వంతు లావెక్కుతారు. నలుపు తెలుపు మాయాబజార్‌లో ఎస్వీ రంగారావు ఘటోత్కచుడికి అది ఇంకాస్త నప్పుతుంది కూడా. శశిరేఖ సంగతంటారా, సర్దుకుపోవాలి.

షోరూములో వాళ్లు వేసి చూపించే చిలకలూ, పూలూ, నీటిచుక్కలూ చూసి అక్కడికక్కడే సైజు ఖాయం చేసేయండి. "మా ఆవిడ చూసే సీరియల్ ఒకసారి పెట్టండి" అని చచ్చినా అడగొద్దు. అడిగితే గుట్టు బయటపడుతుంది. మామూలు ఎస్‌డీ చానల్లో వచ్చే బొమ్మ 720 అడ్డం, 576 నిలువు. మొత్తం 4,14,720 చుక్కలు. 4కె తెర మీద ఉండేవి 82,94,400. అంటే సరిగ్గా ఇరవై రెట్లు. మీ కేబులు పంపే ఒక్కో చుక్కనీ టీవీ ఇరవై చుక్కలుగా పరిచి నింపుకోవాలి. తెర పెరిగేకొద్దీ అత్తగారి మొహం అలుక్కుపోయేది అందుకే. హెచ్‌డీ ప్యాక్ వేయించుకుంటే చాలావరకు తీరుతుంది కానీ, టీవీకి అంత పోశాక నెలనెలా ఇంకా ఏం పోస్తాం?

వార్తలు చూసేవాళ్లు మాత్రం నిజంగానే పెద్దది కొనాలి. కింద రెండు వరసల స్క్రోలింగు, పక్కన ప్రకటన, మూలన బంగారం ధర పోగా, 65 కొంటే యాంకరుకి ఒక 30 దక్కుతుంది.

దూరం గురించి కూడా ఏవో చెబుతారు: 4కె బొమ్మ అయితే తెర సైజుకి ఒకటింబావు నుంచి ఒకటిన్నర రెట్ల దూరంలో కూర్చోవచ్చట, 55కి ఆ లెక్కన ఆరేడు అడుగులట. మన హాల్లో సోఫా ఎక్కడుండాలో వాస్తు ఎప్పుడో చెప్పేసింది, దాన్ని కదపలేం.

ఇక బల్ల. పాత టీవీ ఒక్క పీఠం మీద కూర్చునేది. కొత్తవాటిలో చాలావాటికి రెండు చివర్లా రెండు కాళ్లు. 55 అంగుళాల టీవీ తెరే అడ్డంగా నాలుగడుగులు, మీ బల్ల మూడు. కాళ్లు గాల్లో ఉంటాయి. కాబట్టి గోడకి కొట్టించండి, అదీ సీలింగుకి జానెడు కిందగా. కూర్చున్నప్పుడు కంటి ఎత్తులో, అంటే నేల నుంచి ఓ మూడున్నర అడుగుల్లో తెర మధ్యభాగం ఉండాలని బిగించే కుర్రాడు గొణుగుతాడు. పట్టించుకోకండి, అక్కడ పెడితే మనవడు బంతితో కొడతాడు. మెడనొప్పికి జండూబామ్ ఉంది.

ఆర్డరు పెట్టేముందు లిఫ్టు కొలవాల్సిన పని లేదు. డబ్బా పట్టకపోతే మెట్లున్నాయి. అడ్డంగా పడుకోబెట్టి మోయొద్దని డబ్బా మీద బొమ్మ వేసి ఉంటుంది. మూడో అంతస్తు మలుపు దగ్గర ఆ బొమ్మ గోడవైపు తిరిగి ఉంటుంది లెండి.