పునఃక్రీడా విధానము

ఆదివారము ఉదయమున సంచి చేతబట్టుకొని విశాఖలోని పూర్ణా మార్కెట్టునకు పోవు గృహస్థు, జగదాంబ కూడలి వైపునుండి దిగివచ్చి, పూలదండల వరుసను, ఉల్లిపాయల బస్తాలను, అరటిగెలల గుట్టలను దాటి, ఆనపకాయను గోటితో గిచ్చి చూచి, దొండకాయల ధర యడిగి, చామదుంపలను చేతిలోనికి తీసికొని మరల యథాస్థానమున నుంచి, జేబులోని పొడవైన పట్టీని ఒకటికి రెండుమారులు చదువుకొని, గంటసేపు ఆ ప్రదేశమునంతటిని ప్రదక్షిణము చేసిన పిమ్మట, పదియేండ్లుగా తాను కొనుచున్న అవ్వ దగ్గరకే చేరి, పదియేండ్లుగా తాను కొనుచున్న బెండకాయలనే కొనును. ఆ గృహస్థును నేనే. "ఏటి బావూ, మళ్లీ బెండకాయలేనా? ఆ మాత్రానికి మార్కెట్టంతా తిరగడం దేనికి?" అని ఆమె యడిగిన నాడు నాకు సమాధానము తోచలేదు. బెండకాయలకు రుచి వచ్చినది ఆ తిరుగుట వలననే యని ఇప్పుడు చెప్పగలను. ఈ రహస్యమును వీడియో గేములకు అన్వయించి, ఆడవలసిన ఆటలు గుట్టలుగా పడియుండగా ఆడిన ఆటనే మరల నాడుట యెట్లో, ఆ కార్యమును మనఃక్లేశము లేకుండ, కాదు, తగుమాత్రము మనఃక్లేశముతో నిర్వర్తించుట యెట్లో, తెలియగోరువారి నిమిత్తము ఈ విధానమును వ్రాయుచున్నాను.

ప్రథమమున గుట్టను సంపాదింపవలెను. ఆడని ఆట యొక్కటియు లేనివాడు పాత ఆట నాడినచో అది కేవలము వినోదము. అందు దోషము లేదు, దోషము లేదు గనుక రుచియు అంతంత మాత్రమే. రేపు లెక్కల పరీక్ష యనగా నేడు జగదాంబ సినిమాహాలులో చూచిన మాట్నీకిని, వేసవి సెలవులలో చూచిన మాట్నీకిని గల భేదమును ఈ నగరమున పెరిగినవారికి వివరింపనక్కరలేదు. గుట్ట సంపాదించుట పూర్వకాలమున కష్టము, ఇప్పుడు సులభము. స్టీమ్ అను అంగడి 2003లో వెలసినను, అది వెలలను డాలర్లలో చూపినంతకాలము, ఆ డాలర్లను రూపాయలలోనికి గుణించుకొనుచుండగనే మన యుత్సాహము చల్లారిపోయెడిది. 2015 నవంబరులో వెలలు రూపాయలలో కనబడుట మొదలైనది. గుణకారము తప్పినది, పతనము సుగమమైనది. వేసవిలో నొకటి, శీతకాలమున నొకటి తగ్గింపు జాతరలు వచ్చును. ఆ దినములలో సాధకుడు ఆటను చూడరాదు, తగ్గింపు శాతమును మాత్రమే చూడవలెను. ఇక 2018 డిసెంబరులో తలుపులు తెరచిన ఎపిక్ వారి అంగడి ఉచితముగా ఆటలను పంచుచుండును. ఉచితముగా వచ్చినచో ఫినాయిలునైనను వదలని జాతి మనది గనుక, ఈ విషయమున నేను ప్రత్యేకముగా బోధింపవలసినది లేదు.

స్టీమ్ వారి నియమములలో ఒక యపాయము గలదు, జాగరూకత వహింపవలెను. కొన్న పదునాలుగు దినములలోపల, రెండు గంటలకు మించి ఆడియుండనిచో, అడిగినవారికి సొమ్ము తిరిగి యిచ్చెదరు. గుట్ట తరిగిపోవుటకు ఇంతకంటె దుర్మార్గమైన మార్గము లేదు. కావున సాధకుడు క్రొత్త ఆటను ఒకమారు తెరచి, అందలి కథానాయకునకు కనుబొమ్మలు, ముక్కు, గడ్డము ముప్పావు గంటసేపు శ్రద్ధగా అమర్చి, వానిని ఊరిబయట నొక రాతిమీద నిలబెట్టి, "వచ్చే ఆదివారము" అని చెప్పి మూసివేయవలెను. పదునైదవ దినమున ఆ బంధము శాశ్వతమగును. నా జాబితాలో ఇట్లు రాళ్లమీద నిలబడిన వీరులెందరో గలరు. వారి గడ్డములను చూచిన నాకే ముచ్చట వేయును.

గుట్ట యెంత యుండవలెనని కొంద రడుగుదురు. ఆయుర్దాయమును మించియుండవలెను. నా జాబితాలో నేటికి 187 ఆటలు గలవు. ఒక్కొక్కటి ముప్పది గంటలని తలచినను 5,610 గంటలు. ఆదివారమునకు రెండు గంటల చొప్పున 2,805 ఆదివారములు. అనగా దాదాపు ఏబదినాలుగు సంవత్సరములు. నా వయస్సిప్పుడు నలుబదిమూడు. నేడే సక్రమముగా ప్రారంభించి, ఇకమీద నొక్క ఆటయు కొనకున్నచో, తొంబదియేడవ యేట నా ఋణము తీరును. ఈ లెక్క తేలిననాడు నా హృదయమునుండి గొప్ప భారము దిగిపోయినది. తీరని ఋణమునకు వడ్డీ కట్టుట యెందుకని అప్పటికప్పుడే కాంట్రా అను నా పాత ఆటను పెట్టుకొంటిని.

ఇక ముహూర్తము. పాత ఆటను ఊరక కూర్చుండి పెట్టుకొనువాడు మందుడు. క్రొత్త ఆటను దింపుకొనుచున్న సమయమున పెట్టుకొనువాడే ప్రాజ్ఞుడు. 2018లో వెలువడి మరుసటి యేట కంప్యూటరునకు వచ్చిన రెడ్ డెడ్ రిడెంప్షన్ 2 అను ఆటకు 150 జీబీ చోటు కావలెను. మన యింటి తీగలో అది దిగుటకు రాత్రి యంతయు పట్టును. ఎంత దిగినదో చూపు నీలిరేఖ జాబితా యడుగున మెల్లమెల్లగా పాకుచుండగా, "ఇది దిగునంతవరకే" యను పవిత్రవాక్యము నుచ్చరించి, పాత ఆటను తెరవవలెను. అప్పుడు మనస్సాక్షికి నోరు పెగలదు, ఏలయన క్రొత్త ఆటకై నీవు సర్వప్రయత్నములును చేయుచునే యున్నావు. తెల్లవారుసరికి రేఖ పూర్తియగును. నీకు నిద్ర వచ్చును. క్రొత్త ఆటను నిద్రకండ్లతో ప్రారంభించుట ఆ ఆట చేసినవారిని అవమానించుట యగును గనుక మరియొక దినమునకు వాయిదా వేయవలెను.

ఏ ఆటను మరల నాడవలెనను ప్రశ్నకు సమాధానము వారివారి బాల్యమును బట్టి యుండును. నాకు సంబంధించినంతవరకు ఆ బాల్యమంతయు ఒక్క కేసెట్టులో నున్నది. జపానులో నింటెండో వారు 1983లో వెలువరించిన ఫామికామ్ అను యంత్రమునకు నకళ్లు తొంబదులలో మన యిండ్లకు "టీవీ గేము" అను పేర వచ్చినవి. పూర్ణా మార్కెట్టు చేరువ నొక సందులో నున్న చిన్న దుకాణమున, పాత కేసెట్టు నిచ్చి పైన పదిరూపాయలు పెట్టినచో, వేరొక కేసెట్టు నిచ్చెడివారు. నేను మొట్టమొదట తెచ్చుకొన్న దానిమీద "9999999 ఇన్ 1" అని పసుపుపచ్చని అక్షరములతో నుండెను. కోటికి ఒకటి తక్కువ ఆటలు! ఆ రాత్రి నాకు నిద్ర లేదు. మరునాడు వరుసగా పెట్టి చూడగా, మొదటి ఐదారు ఆటల పిదప అదే మారియో వేరొక పేరుతో వచ్చెను; ఇంకను క్రిందికి పోగా అదే మారియో మూడవ అంకమునుండి మొదలయ్యెను; ఇంకను పోగా అవే ట్యాంకులు, అవే బాతులు. కోటి నామములు, అరడజను రూపములు. దుకాణదారుని మోసగాడనుకొంటిని, ఆతడు గురువని ఇప్పుడు తెలిసికొన్నాను. నేడు నా 187 ఆటల పట్టికను పైనుండి క్రిందికి దొర్లించి, దొర్లించి, చివరకు అదే మారియో దగ్గర ఆగినప్పుడెల్ల, ఆ పసుపుపచ్చని అక్షరములు కన్నులయెదుట నిలుచును.

1985లో వెలువడిన ఆ మారియోకు ఎనిమిది లోకములు, ముప్పదిరెండు అంకములు. పునఃక్రీడకు కూర్చుండు ప్రతివాడును "ఈ పర్యాయము అడ్డదారులు త్రొక్కను, ముప్పదిరెండును ఆడెదను" అని సంకల్పము చెప్పుకొనవలెను. రెండవ అంకమున పైకప్పు మీదుగా పరుగెత్తి, గోడ యవతలి గొట్టమున దూరి, తిన్నగా నాల్గవ లోకమున తేలుటతో ఆ సంకల్పమును భంగము చేసికొనవలెను. నాల్గవ లోకమునుండి మరియొక గొట్టము ఎనిమిదవ లోకమునకు చేర్చును. ఎనిమిది అంకములతో కథ ముగియును. సంకల్పము లేకుండ అడ్డదారి త్రొక్కుట అనాచారము.

కాంట్రా విషయమున నియమము వేరు. పైకి పైకి, క్రిందికి క్రిందికి, ఎడమ కుడి, ఎడమ కుడి, పిమ్మట బి, ఏ అని నొక్కినచో మూడు ప్రాణములకు బదులు ముప్పది లభించునను మంత్రము, గాయత్రి నోటికి రాని పిల్లలకు సైతము ఆ కాలమున కంఠస్థము. అది ఎవరు చెప్పిరో యెవరికిని తెలియదు. మేడమీద వాని అన్నకు ఎవరో చెప్పిరి, అంతియే. కేసెట్టు మొరాయించినచో దాని నోట ఊదుట ఆ యాగములో పూర్వాంగము. ఊదిన తడికి లోని పట్టీలు చిలుము పట్టునే గాని మేలు జరుగదని తరువాత తెలిసినది. అయినను ఊదకుండ పెట్టుటకు నాకు నేటికిని చేయి రాదు. పోర్టులో రెండవ షిఫ్టు ముగించుకొని వచ్చిన నాన్నగారు టీవీ వెనుక అరచేయి ఆనించి వేడి చూచెడివారు. అందుచేత వారు వచ్చుటకు అరగంట ముందే ఆట కట్టిపెట్టి, విసనకఱ్ఱతో టీవీకి విసరుట ఉత్తరాంగము.

ఇంటర్నెట్ సెంటర్ల తరమువారికి వైస్ సిటీ యుండనే యున్నది. 2002లో పుట్టి మరుసటి యేట కంప్యూటర్లకు వచ్చిన ఆ ఆటలో, కొబ్బరిచెట్ల నీడన సాగరతీరమున బండి తోలుచున్నంతసేపు, బీచిరోడ్డున పెరిగిన విశాఖవాసికి తాను పరాయిదేశమున నున్నానని తోచదు. గంటకింతయని చెల్లించి కూర్చుండువానికి కథలో ముందునకు పోవుటకు వ్యవధి యెక్కడిది? చొక్కాజేబులోని చీటీ తీసి, పాంజర్ అని కొట్టి ట్యాంకును దింపించుకొని, పోలీసులు చావగొట్టగా ఆస్పిరిన్ అని కొట్టి ఆరోగ్యము తెచ్చుకొని, గంట కాగానే లేచి వచ్చుటయే ఆట. ఆ కథ నేటికిని నాకు సగమే తెలియును. బొమ్మ హెలికాప్టరుతో కట్టడమున బాంబులు పెట్టవలసిన ఆ యొక్క ఘట్టమున ఇరువది సంవత్సరములుగా ఓడిపోవుచున్నాను. ఇది పునఃక్రీడ యగునా, అసంపూర్ణక్రీడ యగునా యని పండితులలో వివాదము గలదు. పండితు లనగా నేనును, నా మేనల్లుడును.

వాడు గాజువాకలో నుండును, సెలవులకు వచ్చును, పరమనాస్తికుడు. "మావయ్యా, దీని ఎండింగ్ నీకు తెలుసు కదా, మళ్లీ ఎందుకు?" అనును. ఇట్టివారితో వాదించు పద్ధతిని సాధకుడు నేర్వవలెను. 1957లో విడుదలయైన మాయాబజారులో శశిరేఖ అభిమన్యునే పెండ్లాడునని తెలిసియే గదా, టీవీలో వచ్చిన ప్రతిసారియు ఇంటిల్లిపాదియు కూర్చుండి చూచెదరు? బురుజుపేట కనకమహాలక్ష్మిని కిందటి మార్గశిరమున దర్శించితివి గదా, ఈ గురువారము మరల నెందుకని మా యమ్మను అడుగు ధైర్యము ఎవనికి గలదు? 1970లో జ్ఞానపీఠము పొందిన విశ్వనాథ సత్యనారాయణగారంతటివారు మరల రామాయణము వ్రాయనేల యను ప్రశ్నను తామే వేసికొని తామే జవాబు చెప్పుకొనిరి. వారు చేసినది పునఃసృష్టి, నేను చేయుచున్నది గొట్టములో దూరుట యని మేనల్లుడు ఆక్షేపించెను. మహానుభావుల పేరు చెప్పి తప్పించుకొనుట మన సంప్రదాయమే గనుక ఆ యాక్షేపమును నేను లెక్కచేయలేదు. అప్పటికిని లొంగకున్నచో సాయంకాలము బీచిరోడ్డునకు తోడ్కొనిపోవలెను. డాల్ఫిన్స్ నోస్ కొండ యవతల, సముద్రముమీద లంగరు వేసికొని, బెర్తు ఖాళీ యగునని దినములకొలది కనిపెట్టుకొనియున్న ఓడలను చూపవలెను. వాటిని చూచి ఓడరేవును సోమరి యనువా డెవడు? నాకున్న బెర్తు ఒక్కటే, అందు పాత టగ్గొకటి యుదయము పోయి, మధ్యాహ్నము వచ్చి, సాయంకాలము మరల పోవుచుండును.

పరిహాసము నటుంచి ఒక్కమాట చెప్పెదను. క్రొత్త ఆటకు చేయి సాగకపోవుటకు అసలు కారణము సోమరితనము గాదు, సిగ్గు. ఆరునెలల పిమ్మట ఆ రాతిమీది వీరుని దగ్గరకు పోయినచో, ఏ మీట నొక్కిన దూకునో, ఏ మీట నొక్కిన కత్తి దూయునో జ్ఞప్తికి రాదు. ఆఫీసులో పదిమందికి పని చెప్పువాడు అక్కడ మొదటి తోడేలు చేతిలోనే చచ్చును. పాత ఆటలో అట్లు గాదు. ఏ యిటుకలో పుట్టగొడుగు గలదో చేతివ్రేళ్లకే తెలియును. వారమంతయు ఎక్కడను దొరకని ఆ నేర్పరితనము అక్కడ అరగంట దొరకును. దానికి ఎవరికిని జవాబు చెప్పనక్కరలేదు.

మారియో మొత్తము నలుబది కేబీల ఆట. ఆ 150 జీబీల ఆట దిగుట పూర్తియైన నాటిరాత్రి, తగ్గింపులో కొన్న వేరొక ఆటకు చోటు చాలక, ఆ పెద్ద ఆటను తెరవకుండగనే తుడిచివేసి, మారియో పెట్టుకొంటిని. మంచముమీద పండుకొని చూచుచున్న మా యమ్మ, ముప్పదియేండ్లుగా ఆ గొట్టములను, ఆ తాబేళ్లను చూచుచున్నది గనుక, "ఏట్రా, ఆ రాణి ఇంకా దొరకలేదేటి?" అని యడిగినది. ఇంకొక్క కోట యున్నదని చెప్పితిని.

తుదకు పాఠకులకొక విన్నపము. నా కాంట్రా కేసెట్టు మూడవ అంకమున, జలపాతము దగ్గర, ఎంత ఊదినను ఆగిపోవుచున్నది. మీ అటకమీద మంచిది యెవరికైన నుండినచో దయచేసి తెలుపుడు. బదులుగా నా 187 ఆటలలో ఏదైన నిచ్చెదనని చెప్పుటకు మనసు గలదు గాని, స్టీమ్ వారి ఒప్పందము ప్రకారము ఆ ఖాతాలోని ఆటలను నేను ఇంకొకరికి బదలాయింపరాదు. బెండకాయలు మాత్రము, ఆదివారము పదిగంటలలోపల వచ్చినచో, ఎన్నియైన ఇప్పింతును.