భన్సార్ వ్రతకల్పము

కాశీలో తొమ్మిది రాత్రులు నిద్ర చేయడానికి సొంత కారులో వెళ్లిన తెలుగు కుటుంబానికి నాలుగో రోజుకల్లా ఒక జబ్బు పట్టుకుంటుంది. గంగలో మునకలయ్యాయి. విశ్వనాథుడు, అన్నపూర్ణ, విశాలాక్షి దర్శనాలయ్యాయి. చీరలు కూడా కొనేశారు. సత్రం వరండాలో రెండో బంతి కోసం ఎదురుచూస్తూ కూర్చుంటే పక్క గది పెద్దాయన నెమ్మదిగా ఒక మాట వదులుతాడు: "ఇంతదూరం కారేసుకొచ్చి పశుపతినాథుణ్ని చూడకుండా పోతారుటండీ? గోరఖ్‌పూర్ దాటితే నేపాలే. వీసా గీసా ఏమీ అక్కర్లేదు."

ఆయన చెప్పింది నిజమే. కాకపోతే సగం నిజం. వీసా అక్కర్లేనిది మనిషికి.

1950లో భారత్, నేపాల్ చేసుకున్న శాంతి, మైత్రీ ఒప్పందం ప్రకారం ఇక్కడివాళ్లు అక్కడా, అక్కడివాళ్లు ఇక్కడా తిరగొచ్చు, ఉండొచ్చు, వ్యాపారం చేసుకోవచ్చు. అయిదు రాష్ట్రాలను ఒరుసుకుంటూ పోయే 1,751 కిలోమీటర్ల సరిహద్దు మనుషులకి దాదాపు ఊరి పొలిమేర లాంటిది. గోనెసంచీ వేసుకుని సైకిల్ మీద వెళ్లేవాణ్ని పేరేమిటని అడిగేవాళ్లు తక్కువ. అదే మనిషి కారులో కూర్చున్నాడా, ఆ కారు విదేశీ సరుకైపోతుంది. దాన్ని కొన్నాళ్లకి దేశంలోకి రానివ్వాలంటే సుంకాల శాఖ కాగితం రాయాలి. నేపాలీలో సుంకాల శాఖ భన్సార్. సరిహద్దు ఊళ్లలో ఆ కాగితం పేరు కూడా భన్సారే. దాన్ని తీసుకోరు, 'కటాయిస్తారు'.

ఈ వ్రతాన్ని ఉత్తరప్రదేశ్‌లోని సునౌలీ క్షేత్రంలో ఆచరించదలచిన భక్తుల కోసం విధానం ఇది.

సామగ్రి

మొదటిది గుర్తింపు పత్రం. దీనికి ఆధార్ కార్డు పట్టుకుని ధీమాగా బయల్దేరడం ఉత్తమం. దేశంలో సిమ్ కార్డు నుంచి దర్శనం టికెట్ దాకా దాంతోనే నడుస్తుంది గనుక నేపాల్‌లోనూ నడుస్తుందని నమ్మాలి. హోంశాఖ మాత్రం పెద్దవాళ్లకి పాస్‌పోర్టు గానీ ఓటరు కార్డు గానీ ఉండాలంటుంది. 2019 జనవరిలో చెప్పిన ప్రకారం ఆధార్ చెల్లేది 15 ఏళ్లలోపు పిల్లలకీ, 65 దాటిన పెద్దలకీ. అంటే బండిలో మనవడూ బామ్మా నిశ్చింతగా ఉంటారు, స్టీరింగ్ పట్టుకున్నవాడికే చెమటలు పడతాయి. 15 నుంచి 18 మధ్య పిల్లలుంటే బడి ప్రిన్సిపాల్ ఇచ్చే ధ్రువపత్రం చాలు. వేసవి సెలవుల్లో, బడికి తాళం వేశాక, సునౌలీ నుంచి ప్రిన్సిపాల్‌కి ఫోన్ చేసి అడిగితే వ్రతఫలం రెట్టింపు.

రెండోది ఆర్సీ. ఇది బావమరిది పేరున ఉండటం శ్రేష్ఠం. బావమరిది హైదరాబాద్‌లోనే ఉండిపోవడం ఇంకా శ్రేష్ఠం. అప్పుడు ఆయన ఇచ్చిన అంగీకారపత్రం ఒకటి కావాలి, అది ఎలాగూ ఎవరి దగ్గరా ఉండదు. 1830 మే 18న మద్రాసులో బయల్దేరి, కాశీ సేవించుకుని 1831 సెప్టెంబరు 3న ఇల్లు చేరిన ఏనుగుల వీరాస్వామయ్యకి ఈ బాధ లేదు. పల్లకీకి ఆర్సీ ఉండదు.

మూడోది ఇన్సూరెన్సు. మన దేశపు పాలసీ సరిహద్దు గీత దగ్గర ఆగిపోతుంది. బీమా కంపెనీకి కాస్త అదనంగా కట్టి 'ఐఎంటీ 1' అనే ఎండార్స్‌మెంటు వేయించుకుంటే గీత అవతలికీ వర్తిస్తుంది. ఆ ఎండార్స్‌మెంటులో ఉన్న దేశాలు ఆరు: బంగ్లాదేశ్, భూటాన్, నేపాల్, పాకిస్తాన్, శ్రీలంక, మాల్దీవులు. మాల్దీవులకి కారు నడుపుకుంటూ వెళ్లదలచినవాళ్లకి బీమా సిద్ధంగా ఉంది, రోడ్డు వేయించుకోవడమే మిగిలింది. ఈ సంగతులన్నీ ఏజెంటుని బయల్దేరే ముందు అడగకూడదు. అవతల ముగ్లింగ్ ఘాట్ రోడ్డు మీద లారీ అద్దం తగిలాక అడగాలి.

ముహూర్తం

ఇంట్లో పంచాంగం చూసే పెద్దవాళ్లుంటే సునౌలీని మించిన చోటు లేదు. 1986 నుంచి నేపాల్ గడియారం మన గడియారం కన్నా పావుగంట ముందుంటోంది. సోమవారం రాహుకాలం ఏడున్నర నుంచి తొమ్మిది దాకా. మన టైము ఎనిమిది ముప్పావుకి గేటు దాటితే అవతల సరిగ్గా తొమ్మిది. పావుగంట రాహుకాలం ఏ దేశానికీ చెందకుండా గాలిలో కలిసిపోతుంది. ఈ సదుపాయానికి ఎవరూ రుసుము వసూలు చేయడం లేదు, ఇప్పటికి.

అయితే ఎనిమిది ముప్పావుకి గేటు దాటాలంటే గేటు దాకా చేరాలి. దారి పొడవునా సిమెంటు లారీలూ ట్యాంకర్లూ వరుసకట్టి ఉంటాయి. డ్రైవర్లు లారీల కింద చాపలు పరుచుకుని నిద్రపోతుంటారు. కొందరు స్టవ్ వెలిగించి అన్నం వార్చుకుంటుంటారు. వాళ్లని చూసి భయపడి హారన్ కొట్టాలి. హారన్ వల్ల క్యూ కదలదు, కానీ కారులో ఉన్నవాళ్లకి ఏదో ప్రయత్నం జరుగుతోందన్న తృప్తి మిగులుతుంది.

సంకల్పం

నేపాల్‌కి స్వాగతం చెప్పే ద్వారం దాటగానే బేలహియా. కారు ఆగీ ఆగకముందే చెవిమీద పెన్ను పెట్టుకున్న కుర్రాడొకడు అద్దం తడతాడు: "భన్సార్?" అతను ఉద్యోగి కాదు. అలాగని ఎవరూ కాడని అనడానికీ లేదు. ఆర్సీ, లైసెన్సు అందుకుని బానెట్టునే బల్ల చేసుకుని ఫారం నింపేస్తాడు. ఆఫీసు యాభై అడుగుల దూరంలోనే ఉన్నా, ఫారం ఎవరైనా నింపుకోవచ్చని తెలిసినా, ఆ కుర్రాడు లేకుండా పని కాదని గట్టిగా నమ్మాలి. నమ్మినవాళ్లకి అరగంటలో అవుతుంది. నమ్మకుండా సొంతంగా వెళ్లినవాళ్లకీ అరగంటలోనే అవుతుంది, కానీ తర్వాత చెప్పుకోవడానికి కథ ఉండదు.

కిటికీ అవతల గుమస్తా బండి నంబరు దేవనాగరిలో దించుకుంటాడు. 2019లో ఆంధ్రలో కొత్త బళ్లన్నిటికీ ఏపీ 39 వచ్చింది, తెలంగాణలో 2024 మార్చి నుంచి టీఎస్ పోయి టీజీ వచ్చింది, పాత ఏపీ నంబర్లతో హైదరాబాద్‌లో తిరిగే బళ్లు ఇంకా బోలెడు. ఈ మార్పుల వెనకున్న చరిత్రంతా గుమస్తాకి వివరించబోవడం యాత్రికుడి కర్తవ్యం. గుమస్తా తలెత్తకుండా వింటాడు. ఆయన రిజిస్టరులో ఉన్నది ఒక్కటే గడి: భారతీయ వాహనం.

అసలు పరీక్ష తేదీ దగ్గర. ఇంట్లో పూజకి కూర్చుంటే సంకల్పంలో శాలివాహన శకం చెప్పుకోవడం మనకి అలవాటు. నేపాల్ ప్రభుత్వం నడిచేది విక్రమ సంవత్సరం మీద. 2025 ఏప్రిల్ 14న అక్కడ 2082 మొదలైంది. కారు లోను తీరేది 2029లోనైతే, చేతిలో ఉన్న పర్మిట్ ఆ కారుకి అప్పు తీరిపోయి యాభై ఏళ్లు దాటిన కాలం నాటిది. పైగా అక్కడి నెలలు సౌరమానం. మనవి చాంద్రమానం. 2025 మే 20 నేపాల్ కాగితం మీద జేఠ్ 6. ఆ రోజుకి ఇంటి పంచాంగంలో ఇంకా వైశాఖ బహుళమే. కొన్ని నెలలకి 32 రోజులుంటాయి. గడువు ఎప్పటికి తీరుతుందో గుమస్తాని అడక్కుండా, పంచాంగం చూసి అత్తగారు తేల్చేదే ప్రమాణంగా తీసుకోవడం వల్ల ప్రయాణంలో ఉత్కంఠ నిలిచి ఉంటుంది.

అంకెల సంగతీ ఉంది. దేవనాగరి ఒకటి, అలవాటు లేని కంటికి అచ్చం ఇంగ్లీషు తొమ్మిదిలా కనిపిస్తుంది. గుమస్తా 'ఒక రోజు' అని రాస్తే తొమ్మిది రోజులని చదువుకుని పోఖరాలో హోటల్ బుక్ చేసుకోవచ్చు. తెలుగు అంకెల్నే క్యాలెండరులో తప్ప చూడని తరానికి ఈ పొరపాటు చాలా సులువు.

దక్షిణ

భన్సార్ రోజుకి ఇంత అని లెక్క. బండి రకాన్ని బట్టి రేటు. వెళ్లిన రోజూ తిరిగొచ్చే రోజూ లెక్కలోవే. అందుకని సాయంత్రం ఆరింటికి సరిహద్దు దాటి, ఆ పూటకి అక్కడే భైరహవాలో దోమల మధ్య పడుకోవడం లాభసాటి. ఒక బండికి ఏడాది మొత్తం మీద 30 రోజులకి మించి అనుమతి లేదు. అంతకన్నా ఎక్కువ పుణ్యం కావాలంటే ఇంకో బండి కొనుక్కోవాలి.

డబ్బు మారకం తేలిక. 1993 నుంచి మన వంద వాళ్ల నూట అరవై, కదలదు. దుకాణంలో ధర వినగానే గుండె ఝల్లుమంటుంది, ఆ తర్వాత 1.6తో భాగిస్తే నెమ్మదిస్తుంది. భాగహారం రానివాళ్లు ఝల్లుమనడంతోనే సరిపెట్టుకోవాలి. 2018 డిసెంబరులో నేపాల్ ప్రభుత్వం మన వందకి మించిన నోట్లు చెల్లవని ప్రకటించినప్పుడు సరిహద్దులో వందనోటుకి వచ్చిన గౌరవం గుడి హుండీలో కూడా రాలేదు. కాబట్టి ఆ రోజుల్లో గోరఖ్‌పూర్ ఏటీఎంలో అన్నీ అయిదువందలే తీసుకుని రావాల్సి ఉండేది.

క్యూఆర్ కోడ్ కూడా ఉంది. 2024లో మన యూపీఐ నేపాల్ 'ఫోన్‌పే' సంస్థతో కలిసి అక్కడి దుకాణాల్లోకి వచ్చింది. ఆ ఫోన్‌పే వేరు, మన ఫోన్‌పే వేరు. పలకడానికి రెండూ ఒకటే. ఈ విషయం మీద దుకాణదారుతో హిందీలో పావుగంట వాదిస్తే, గేటు దగ్గర పోయిన పావుగంటకి లెక్క సరిపోతుంది.

కథాశ్రవణం

కాగితం చేతికొచ్చాక దాన్ని ఎక్కడ పెట్టాలన్నది తరువాతి ప్రశ్న. డ్యాష్‌బోర్డు మీద, పులిహోర పొట్లం కింద పెడితే ఊరూరా పోలీసు చేయి ఊపినప్పుడల్లా నూనె మరకతో సహా చూపించొచ్చు. వాళ్లు అడిగేది ఆ కాగితమే. బండిలో ఎందరున్నారు, ఏ ఊరివాళ్లు, ఎందుకొచ్చారు అన్నది సామాన్యంగా ఎవరికీ పట్టదు. అద్దానికి అంటించిన ఫాస్టాగ్‌ని మాత్రం పట్టించుకోవాలనే పట్టుదల టోల్‌గేటు దగ్గర యాత్రికుడికే ఉంటుంది. ఇక్కడ దాని మాట చెల్లదు.

మనిషికి పర్మిట్ అక్కర్లేదన్న గర్వం ముక్తినాథ్ దారిలో తీరుతుంది. 3,710 మీటర్ల ఎత్తున, 108 ధారల కింద తడవడానికి వెళ్లేవాళ్లు అన్నపూర్ణ సంరక్షణ ప్రాంతంలోకి అడుగుపెట్టాలి. దానికి ఒక్కొక్కరికీ ప్రవేశపత్రం. సార్క్ దేశాలవాళ్లకి ఒక రేటు, తక్కిన విదేశీయులకి ఇంకో రేటు. ఇన్నాళ్లూ కారొక్కటే విదేశీ అనుకున్న కుటుంబం అక్కడ కౌంటరు ముందు నిలబడి తల ఒక్కింటికి డబ్బు లెక్కపెడుతుంది. కారు కింద బేనీలోనో జొమ్‌సొమ్‌లోనో తీరిగ్గా నీడన ఉంటుంది.

ఉద్యాపన

తిరుగు ప్రయాణంలో భన్సార్ చూపించి గడువు దాటలేదని తేల్చుకున్నాక ఇవతల మనవాళ్లు డిక్కీ తెరవమంటారు. అప్పటికి డిక్కీలో రుద్రాక్షలు, శాలగ్రామాలు, ఆరు రగ్గులు, బామ్మ కొన్న ఇత్తడి గంట, పిల్లల చాక్లెట్లు.

"ఏముంది?"

"ఏమీ లేద్సార్. పాతబట్టలు."

సత్యనారాయణస్వామి వ్రతం ఏటా చేయించుకునే కుటుంబంలో ఈ జవాబు వినగానే వెనకసీటు నిశ్శబ్దమైపోతుంది. పడవలో ఏముందని అడిగితే ఆకులూ అలములూ అని చెప్పిన వైశ్యుడికి ఏమైందో ప్రతి ఒక్కరికీ తెలుసు. బామ్మ చెయ్యి చాపి ఒకసారి గంటని తడిమి చూసుకుంటుంది. ఇత్తడే.

జవాను డిక్కీ మూసి బానెట్టు మీద ఒక చరుపు చరిచి పొమ్మంటాడు. పక్కనుంచి గోనెసంచీ సైకిలు ఎటూ చూడకుండా రెండోసారి అవతలికి వెళ్లిపోతుంది. గోరఖ్‌పూర్, కాశీ, రీవా, జబల్‌పూర్, నాగ్‌పూర్ దాటుతాయి. ఆదిలాబాద్ దగ్గర టీకి ఆపబోతే బామ్మ డ్యాష్‌బోర్డు గడియారం చూసి, రాహుకాలం దాటిపోయింది, ఇప్పుడు దిగొచ్చు అంటుంది. ఆ గడియారం ఇంకా నేపాల్ టైములోనే ఉందని ఎవరూ ఆవిడకి చెప్పరు.