మా రోజుల్లో పెట్రోలంటే పెట్రోలే

మా ఫియట్‌కి నలభై ఏళ్లు నిండాయి. 1985లో కొన్నాను. కాగితాల మీద దాని పేరు ప్రీమియర్ పద్మిని. మా కృష్ణా జిల్లాలో మాత్రం ఎవరూ ఆ పేరుతో పిలవలేదు, ఫియట్ కారనే అన్నారు. కంకిపాడు దగ్గర రైసు మిల్లు నడిపినన్నాళ్లూ ఆ కారే నన్ను మోసింది. పొద్దున బెజవాడ, మధ్యాహ్నం గుడివాడ, చీకటి పడేవేళకు ఉయ్యూరు. ఇప్పుడు మిల్లు లేదు. పటమటలో ఇంటిపట్టున ఉంటున్నాను. ఈ మధ్య దాకా నెలకోసారి బందరు రోడ్డెక్కితే ఎక్కినట్టు. ఏడాది మొత్తం కలిపినా ఆరు వందల కిలోమీటర్లు దాటేది కాదు.

ఇలా కదలకుండా ఉండే బండికి ఏ పెట్రోలు పోయించాలి అన్న ప్రశ్న మా రోజుల్లో ఎవరికీ రాలేదు. బంకులో ఉన్నది పెట్రోలు, పోయించుకున్నది పెట్రోలు, అంతే. 1991లో మా అమ్మాయి పురిటికని నాలుగు నెలలు హైదరాబాదులో ఉండిపోయాం. కారు మిల్లు షెడ్డులో, సగం ట్యాంకుతో, వానాకాలమంతా అలాగే పడి ఉంది. తిరిగొచ్చాక బ్యాటరీకి ఛార్జింగ్ పెట్టించి, చోక్ లాగి, సెల్ఫ్ కొట్టాను. మూడోసారికి అందుకుంది. ఆ సాయంత్రమే పామర్రు వెళ్లొచ్చాం.

2025లో మా అబ్బాయి దగ్గరికి టెక్సాస్ వెళ్లి నాలుగు నెలలుండి వచ్చాం. అదే కారు, అదే సగం ట్యాంకు. ఎంత సెల్ఫ్ కొట్టినా బ్యాటరీ దిగిపోయిందే తప్ప ఇంజను పలకలేదు. ఆటోనగర్ నుంచి మెకానిక్ కుర్రాడు వచ్చి కార్బురేటర్ విప్పాడు. ఫ్లోట్ గిన్నె అడుగున తెల్లటి పొడి, దాని మీద పచ్చటి జిగురు. జెట్టు పూడుకుపోయింది. పంపు దగ్గరి రబ్బరు ట్యూబు ఉబ్బి, వేలితో నొక్కితే నల్లగా అంటుకుంది. ట్యాంకు దింపి వంచితే తుప్పు నీళ్లలాంటివి వచ్చాయి.

"బాబాయ్, నెలకి ఇలాంటివి నాలుగైదు బళ్లు చూస్తున్నాను. రోజూ తిరిగేవాటికి ఏమీ కావట్లేదు, పక్కన పెట్టినవాటికే వస్తోంది" అన్నాడు.

ఆ మాట నన్ను పట్టుకుంది. ఎందుకో కనుక్కున్నాను.

ఇప్పుడు బంకులో మనకు వచ్చేది ఇ20. అంటే వంద లీటర్లలో ఇరవై లీటర్లు ఇథనాల్. విశాఖ రిఫైనరీ నుంచి పైపులైనులో కొండపల్లి దాకా పెట్రోలు వస్తుంది. ఇథనాల్ మాత్రం ఆ పైపులో రాదు. డిస్టిలరీల నుంచి ట్యాంకర్లలో విడిగా వచ్చి డిపోలో కలుస్తుంది. పైపులో పంపకపోవడానికి కారణం, ఇథనాల్‌కి నీళ్లంటే ప్రాణం. ఎక్కడ తేమ ఉన్నా లాక్కుంటుంది. మా ఫియట్ ట్యాంకు ఊపిరి తీసుకునే ట్యాంకు. పగలు వేడికి ఆవిరి బయటికి పోతుంది, రాత్రి చల్లబడితే బయటి గాలి లోపలికి వస్తుంది. ఏరువాక మొదలు దీపావళి దాకా ఈ కృష్ణ ఒడ్డున గాలి ఎలా ఉంటుందో మీకు చెప్పాలా! ఉప్పు డబ్బా మూత తీసి పెడితే తెల్లారేసరికి నీరు కారుతుంది. ఆ గాలే నాలుగు నెలలపాటు ట్యాంకులోకి వచ్చిపోయింది.

పాత పెట్రోలులో నీళ్లు కలవవు. చేరిన కాస్త నీరూ అడుక్కి దిగుతుంది, ట్యాంకు కింది బోల్టు విప్పి వదిలేసేవాళ్లం. ఇథనాల్ ఉన్న పెట్రోలు ఆ నీటిని తనలో కలిపేసుకుంటుంది. చూడటానికి పెట్రోలు తేటగానే ఉంటుంది. లోపల మాత్రం ఇనుమునీ, కార్బురేటర్ లోహాన్నీ తింటూ ఉంటుంది. నీరు మరీ మించితే ఇథనాలూ నీరూ కలిసి పెట్రోలుని వదిలేసి అడుక్కి చేరతాయి. ఇంజను పీల్చుకునే గొట్టం ఉండేది ఆ అడుగునే. ఇరవై శాతం కలిపినప్పుడు ఇలా విడిపోవడం అంత తేలిగ్గా జరగదని చదువుకున్నవాళ్లు చెబుతారు. అది నిజమే. నా కారులోనూ విడిపోయి ఉండకపోవచ్చు. తేమ పట్టిన ఇంధనం, దాన్ని తట్టుకోలేని రబ్బరు, ఈ రెండే చాలాయి.

పాత పెట్రోలు మాత్రం చిరంజీవి అని నేననను. అదీ పాతబడుతుంది. తేలిక భాగం ఆవిరైపోయి జిగురు మిగులుతుంది. పైగా అందులో సీసం ఉండేది, ఆ పొగ పీల్చి పెరిగిన తరం మాది. బంకుల్లో కిరసనాయిలు కలిపే కల్తీగాళ్లూ ఉండేవాళ్లు. అనుమానం వస్తే ఫిల్టరు కాగితం అడిగి, ఒక్క చుక్క వేయించి, ఆరాక మరక మిగిలిందా లేదా చూసేవాళ్లం. ఇవన్నీ ఒప్పుకుంటూనే ఒక సంగతి అడుగుతున్నాను. సీసం తీసేసినప్పుడు ఎలా చేశారు? 1995 ఏప్రిల్లో నాలుగు మహానగరాల్లో సీసం లేని పెట్రోలు తెచ్చారు. పాత బళ్లకు పాతదీ, కొత్త బళ్లకు కొత్తదీ అమ్మారు. పంపు మీద అన్‌లెడెడ్ అని రాసేవాళ్లు. ఊళ్లు పెంచుకుంటూ వచ్చి 2000 ఫిబ్రవరికి దేశమంతా మార్చారు. అయిదేళ్లు తీసుకున్నారు. మాలాంటివాళ్లకు సర్దుకునే వ్యవధి దొరికింది.

ఇథనాల్ విషయంలో ఆ వ్యవధి ఇచ్చారా? 2003లోనే మన రాష్ట్రంతో కలిపి తొమ్మిది రాష్ట్రాల్లో 5 శాతం కలుపుతామన్నారు గానీ అది కాగితం మీదే ఎక్కువ సాగింది. 2013-14లో కూడా దేశం మొత్తం మీద కలిసింది ఒకటిన్నర శాతమే. ఆ తర్వాత బండి పరుగందుకుంది. 2022 జూన్‌కి 10 శాతం. 2023 ఫిబ్రవరిలో బెంగళూరులో ఇ20ని ప్రారంభించారు. 2030కి అనుకున్న 20 శాతం 2025లోనే వచ్చేసింది. ఇ20కి తగ్గ విడిభాగాలతో బళ్లు తయారవడం 2023 ఏప్రిల్ నుంచే మొదలైంది. అంతకుముందు కొన్న కోట్లాది బళ్ల సంగతేమిటి? ఇథనాల్ లేని పెట్రోలూ అందుబాటులో ఉంచండని సుప్రీంకోర్టులో వేసిన వ్యాజ్యాన్ని 2025 సెప్టెంబరు 1న కొట్టేశారు.

మైలేజీ సంగతి చాలామంది మాట్లాడుతున్నారు. ఇథనాల్లో శక్తి పెట్రోలు కంటే మూడో వంతు తక్కువ. పాత కార్లలో 6 నుంచి 7 శాతం మైలేజీ పడిపోతుందని నీతి ఆయోగ్ 2021లో వేసిన అంచనాలోనే ఉంది. అయినా ఏడాదికి ఆరు వందల కిలోమీటర్లు తిరిగేవాడికి మైలేజీ లెక్క కాదు. నన్ను బాధించింది ఇంకో మాట. పాత బళ్లలో కొన్నింటికి ఇరవై, ముప్పై వేల కిలోమీటర్లు తిరిగాక రబ్బరు భాగాలూ గ్యాస్కెట్లూ మార్చాల్సి రావచ్చని పెట్రోలియం శాఖ 2025 ఆగస్టులో చెప్పింది. నా కారు ఇరవై వేలు తిరగడానికి ముప్పై మూడేళ్లు పడుతుంది. దాని ట్యూబు నాలుగు నెలల్లో పోయింది, అదీ ఒక్క కిలోమీటరు తిరక్కుండా. నిలబెట్టిన బండిని రోజుల్లో లెక్కపెట్టాలి, కిలోమీటర్లలో కాదు. నిలబడి ఉన్న బళ్లను వాళ్లు తలచుకున్నట్టే లేదు.

ఇక్కడ మా డెల్టావాడిగా ఇంకో బాధ చెప్పుకోవాలి. ఇథనాల్ మాకు పరాయిది కాదు. ఉయ్యూరులో వెలగపూడి రామకృష్ణ గారు నిలబెట్టిన కేసీపీ చక్కెర ఫ్యాక్టరీకి మా ఊళ్ల చెరకు వరసగా బళ్ల మీద వెళ్లేది. ఊరు ఇంకా కనపడకముందే మొలాసిస్ వాసన ఎదురొచ్చేది. ఆ మొలాసిస్ నుంచి స్పిరిట్ తీసి కార్లకు పోస్తే రైతుకి నాలుగు డబ్బులు వస్తాయంటే కాదనేది ఎవరు? చక్కెర తీయగా మిగిలినదానితో పని జరుగుతోంది కదా అని నేనూ సంతోషించాను. ఇప్పుడు కథ అక్కడ ఆగలేదు. మొక్కజొన్న పోస్తున్నారు, బియ్యం పోస్తున్నారు. 2025 జనవరిలో ఎఫ్‌సీఐ బియ్యాన్ని ఇథనాల్ కంపెనీలకు క్వింటాలు 2,250 రూపాయలకు ఇవ్వాలని నిర్ణయించారు. ఆ పంటకాలానికి వడ్లకు ప్రభుత్వం ప్రకటించిన మద్దతు ధర 2,300. క్వింటాలు వడ్లు ఆడితే అరవై ఏడు కిలోలు బియ్యం రావడమే ఎక్కువ. మిల్లు నడిపినవాణ్ణి గనక ఈ అంకెలు చూస్తే కడుపులో తిప్పుతుంది. ప్రభుత్వానికి లెవీ బియ్యం ఇచ్చే రోజుల్లో నూక శాతం కాస్త ఎక్కువైతే లారీలకు లారీలు వెనక్కి పంపేవాళ్లు. నేను నిలబడి మళ్లీ జల్లెడ పట్టించాను. అంత పట్టింపుగా సేకరించే బియ్యం ఈనాడు వడ్లకంటే చవగ్గా వెళ్లి కారు ట్యాంకులో పడుతోంది.

సరే, అసలు ప్రశ్నకు వస్తాను. ఇథనాల్ లేని పెట్రోలు కొనడం దండగా, లాభమా?

మన దేశంలో అలాంటిది లేకపోలేదు. ఇండియన్ ఆయిల్ వాళ్ల వంద ఆక్టేన్ పెట్రోలు ఎక్స్‌పీ100 ఉంది. 2020 డిసెంబరులో ఢిల్లీ లాంటి నగరాల్లో మొదలుపెట్టినప్పుడే లీటరు 160 రూపాయలు. 2025లో మన దగ్గర మామూలు పెట్రోలు 110 చుట్టూ ఉండేది. తేడా యాభై అనుకుందాం. నా కారు లీటరుకి పన్నెండు ఇస్తుంది, ఏడాదికి యాభై లీటర్లు. అంటే అదనపు ఖర్చు 2,500 రూపాయలు. కార్బురేటర్ కడిగి, ట్యూబులు మార్చి, పంపు కిట్టు వేసి, ట్యాంకు దింపి శుభ్రం చేసినందుకు నాకు అయిదు వేల పైన అయింది. రెండు వారాలు బండి లేదు. కాబట్టి నాలాంటివాడికి కచ్చితంగా లాభమే. రోజూ ఆఫీసుకి బండి మీద వెళ్లేవాడికి మాత్రం శుద్ధ దండగ. వారం తిరగకుండా ట్యాంకు ఖాళీ చేసే బండిలో తేమ చేరే వేళే ఉండదు. వంద ఆక్టేన్ అని మురిసిపోయి చిన్న కారులో పోయించడం డబ్బు పారబోసుకోవడమే, ఇంజను దాన్ని వాడుకోలేదు.

అయితే ఆ పెట్రోలు మా వీధి బంకులో దొరకదు. దానికోసం హైదరాబాదు వెళ్లలేను, క్యానులో తెచ్చి ఇంట్లో దాచడం ప్రమాదం. మా అబ్బాయి ఉండే చోట గడ్డి కోసే మిషనుకి ఇథనాల్ లేని పెట్రోలే పోస్తాడు. "ఆర్నెల్లు వాడం కదా నాన్నా, మామూలుది పోస్తే వసంతానికి స్టార్టవదు" అన్నాడు. అక్కడ మామూలు పెట్రోలులో ఉండేది పది శాతమే, అదీ పంపు మీద రాసి ఉంటుంది. బ్రిటన్‌లో 2021లో పది శాతానికి మారినప్పుడు పాత బళ్ల కోసం అయిదు శాతంది సూపర్ రకంగా అట్టేపెట్టారు. ఇథనాల్లో అందరికంటే ముందున్న బ్రెజిల్ దశాబ్దాలుగా బళ్లనే అందుకు తగ్గట్టు మార్చుకుంటూ వచ్చింది. నేను పోయించుకునే బంకులో ఎంత శాతమని అడిగితే, పోసే పిల్లాడికి ఆ సంగతే తెలియదు.

మా ఆవిడ "ఇంకా ఎందుకండీ ఆ బండి, ఇచ్చేయండి" అంటుంది. ఇవ్వను. బండి తప్పేమీ లేదు.

ఆ పెట్రోలు దొరికేదాకా నేను చేస్తున్నది ఇది. ట్యాంకులో అయిదు లీటర్లకు మించి ఉంచడం లేదు. ప్రతి ఆదివారం పొద్దున్నే బెంజి సర్కిల్ నుంచి కంకిపాడు దాకా వెళ్లి వస్తున్నాను, షెడ్డులో ఊరికే పది నిమిషాలు ఇంజను తిప్పడం కాదు. పాత రబ్బరు ట్యూబులు తీయించి ఇ20ని తట్టుకునేవి వేయించాను. ఊరెళ్లాల్సి వస్తే ట్యాంకూ, ఫ్లోట్ గిన్నే ఖాళీ చేయించి వెళతాను. నీళ్లు పోసి ఇథనాల్‌ని విడదీసి పైనున్న పెట్రోలు వాడుకోవచ్చని కొందరు చెబుతున్నారు. అలా చేయకండి. ఇథనాల్ పోతే ఆక్టేన్ కూడా పడిపోతుంది, ఇంజను కొట్టుకుంటుంది. పైగా ఇంట్లో పెట్రోలుతో అలాంటి పనులా!

చమురు కంపెనీలకు నేను విన్నవించుకునేది చాలా చిన్నది. ప్రతి పంపు మీదా ఎంత శాతం ఇథనాల్ ఉందో తెలుగులో రాయండి. విజయవాడ మొత్తానికి ఒక్క బంకులో, ఒక్క పంపులో ఇథనాల్ కలపని మామూలు పెట్రోలు పెట్టండి. వంద ఆక్టేన్ అక్కర్లేదు, పదో పరకో ఎక్కువైనా ఇస్తాం.

ఇంట్లో పాత బండి ఉన్నవాళ్లకు ఒక మాట. ఈ ఆదివారం బానెట్ ఎత్తి పెట్రోలు పంపు దగ్గరి ట్యూబుని వేళ్లతో నొక్కి చూడండి. మెత్తగా, జిగటగా తగిలితే ఇంజను స్టార్టు చేయకండి. ముందు ట్యూబు మార్పించండి. అక్కడ కారిన పెట్రోలు పడేది వేడి ఇంజను మీదే.