ముందు నన్ను తుడవండి

నాకు ఇరవై రేకులు. అన్నిటికన్నా పల్చనిది 0.05 మిల్లీమీటర్లు, అన్నిటికన్నా మందమైనది సరిగ్గా ఒక మిల్లీమీటరు. మధ్యలోవన్నీ 0.05 చొప్పున పెరుగుతూ పోతాయి. అన్నిటినీ ఒక చివర బోల్టుతో బిగించి ఇనప డొప్పలోకి మడిచి పెడతారు. పేరు ఫిల్లర్ గేజ్. రెండు లోహాల మధ్య సందు ఎంతుందో చెప్పడం తప్ప నాకు వేరే విద్య రాదు. నట్టు విప్పలేను, స్క్రూ తిప్పలేను. టూల్ బాక్సులో పానాల ముందు నా హోదా అంతంత మాత్రమే. అయితే ఆగిపోయిన బండి చుట్టూ పదిమంది చేరి పది మాటలంటున్నప్పుడు అంకె చెప్పేది మాత్రం నేనే. అందుకే నన్ను చివరాఖరున గానీ బయటికి తీయరు.

నన్ను రాణిగంజ్‌లో కొన్నాయన లాలాగూడ రైల్వే వర్క్‌షాపులో ఫిట్టరు. అక్కడ గేజీలకు కొదవేం లేదు. కానీ సర్కారు సామాను ఇంటికి తేవడం ఆయనకు గిట్టదు. సొంత బండికి సొంత జీతంలోంచి కొనుక్కున్నాడు. ఆ బండి యెజ్డి రోడ్‌కింగ్. రెండు సైలెన్సర్లు, రెండొందల యాభై సీసీకి ఒకే సిలిండరు, టూ స్ట్రోక్. కిక్కు రాడ్డూ గేరు రాడ్డూ ఒక్కటే. లోపలికి నొక్కి పైకి లేపితే కిక్కు, దించితే గేరు. తెలియనివాడికి తాళం చేతికిచ్చినా బండి ఎత్తుకుపోలేడని పెద్దాయన నవ్వేవాడు.

అందులో నా పని కుడివైపు మూత కింద ఉంటుంది. మూత తీస్తే డైనమో, అక్కడే పాయింట్లు. ఇంజన్ ఒక చుట్టు తిరిగినప్పుడల్లా ఆ రెండు బుడిపెలూ ఒకసారి విడిపోతాయి. విడిపోయిన క్షణంలోనే ప్లగ్గు దగ్గర నిప్పురవ్వ. పూర్తిగా విడిపోయినప్పుడు వాటి మధ్య 0.4 మిల్లీమీటర్ల సందు ఉండాలి. పెద్దాయన డైనమో మధ్య బోల్టుకు పానా వేసి ఇంజన్‌ని మెల్లగా తిప్పుతాడు. పాయింట్లు బాగా తెరుచుకున్న చోట ఆపుతాడు. నా ఎనిమిదో రేకు విప్పి, పాత బనీను గుడ్డతో రెండు వైపులా తుడుస్తాడు. తుప్పు పట్టకుండా నా ఒంటికి నూనె రాసి ఉంచుతారు మరి. ఆ నూనె పాయింట్లకు అంటిందంటే కాలి నల్లటి పొర కడుతుంది. ఇంటి దగ్గర బాగానే స్టార్టయిన బండి ఊరు దాటాక దగ్గడం మొదలుపెడుతుంది. పాపం ఏ పాపం ఎరగని కండెన్సర్‌ని మార్చేస్తారు.

రేకు సందులోకి పోయాక, కొత్త నోట్ల కట్టలోంచి ఒక నోటు లాగినట్టు కొంచెం పట్టి వదలాలి. జారుగా పోతే సందు ఎక్కువ, నెట్టాల్సి వస్తే తక్కువ. స్క్రూ బిగించాక ఆయన మళ్ళీ నన్ను పెట్టి చూస్తాడు. బిగించేటప్పుడు ప్లేటు వెంట్రుకవాసి జరుగుతుంది, ఆ వెంట్రుకవాసే ఇక్కడ లెక్క. చివరికి తెల్లకాగితం ముక్క పాయింట్ల మధ్య పెట్టి మరక పడకుండా వచ్చేదాకా లాగుతాడు. అప్పుడు మూత.

ఇంత చాదస్తం దేనికంటారా? ఆ బండికి దిక్కు లేదు కాబట్టి. చెకోస్లోవేకియా జావా కంపెనీ లైసెన్సుతో మైసూరులో ఐడియల్ జావా వాళ్ళు 1961లో బండ్లు తీయడం మొదలుపెట్టారు. 1973లో పేరు యెజ్డి అయింది. రోడ్‌కింగ్ 1978లో వచ్చింది. 1996లో ఫ్యాక్టరీ మూతపడింది. షోరూములు పోయాయి, సర్వీసు సెంటర్లు పోయాయి, బండ్లు మాత్రం పోలేదు. మిగిలిన సర్వీసు మాన్యువల్ జిరాక్సుకు జిరాక్సు. అందులో అంకెలు ఉండాల్సిన చోటే మసి. ఆ పరిస్థితిలో పుట్టింది మా క్లబ్బు. పుత్లీబౌలీలో ఏ దుకాణంలో అసలు పార్టు దొరుకుతుంది, ఏది రెండు నెలలకే అరిగిపోతుంది, బోరు చేసే పాత ఉస్తాద్ ఇప్పుడు ఎక్కడ కూర్చుంటున్నాడు, ఇవన్నీ ఒకరి నోటి నుంచి ఒకరికి అందాల్సిందే. ఫ్యాక్టరీ లేని బండికి తోటి యజమానే ఇంజనీరు.

అక్కడే చిక్కు. ఆదివారం పొద్దున నెక్లెస్ రోడ్డు మీద బండ్లు వరసగా నిలబెడితే ప్రతివాడూ ఇంజనీరే. బ్యాంకాయన ప్లగ్గు విప్పి రంగు చూస్తాడు. బిస్కెట్ రంగైతే తల ఊపుతాడు, నల్లగా ఉంటే ఆయిల్ ఎక్కువంటాడు, తెల్లగా పాలిపోయి ఉంటే ఇంట్లో ఎవరికో జ్వరమొచ్చినట్టు మొహం పెడతాడు. ఆ తెలుపుకు భయపడాల్సిందే, పెట్రోలు చాలక వేడెక్కే ఇంజన్‌లో పిస్టన్ పట్టేస్తుంది. మెడికల్ షాపాయన పెట్రోల్ ట్యాప్ మీద ఉపన్యాసం ఇస్తాడు. బండి నిలబెట్టినప్పుడు ట్యాప్ మూయకపోతే కార్బొరేటర్‌లో పెట్రోలు ఆవిరైపోయి, అందులో కలిపిన ఆయిల్ జిగురులా మిగులుతుందంటాడు. అదీ నిజమే. వీళ్ళు చెప్పేవన్నీ చాలామటుకు నిజాలే, నిజం చెప్పే సమయమే ఒక్కోసారి తప్పుతుంది. పదేళ్ళు షెడ్డులో పడున్న నాన్న బండిని జీతమంతా పోసి లేపి, మొదటిసారి పదిమంది ముందుకు తెచ్చిన కుర్రాడితో "ఈ హ్యాండిల్ ఈ మోడల్‌ది కాదు కదా తమ్మీ" అనడం విన్నాను. మాట తప్పు కాదు, హ్యాండిల్ ఆ మోడల్‌ది కాదు. ఆ పిల్లవాడు మళ్ళీ మూడు ఆదివారాలు రాలేదు.

అతనే చేవెళ్ళ దాటాక మర్రిచెట్ల కింద ఆగిపోయినవాడు. అనంతగిరికి పోతున్నాం. అలా గుంపుగా పోయేటప్పుడు రెండు వరసలుగా, ముందు బండికి నేరుగా కాక ఓరగా నడపాలి. దారి చూపేవాణ్ణి దాటకూడదు. ఎక్కువ పొగ వదిలే బండి వెనక ఉండాలి, లేకపోతే మిగతావాళ్ళంతా దాని ఆయిల్ మింగాలి. మా పెద్దాయన ఎప్పుడూ అందరికన్నా వెనక. ఆగినవాణ్ణి వదిలిపోకుండా ఒకరుండాలి కదా. ఆ రోజు ఆయన టైరు గాలికని బంకు దగ్గర ఆగాడు. వచ్చేసరికి కుర్రాడి బండి చుట్టూ ఆరుగురు.

ఒకాయన చేతిలో ప్లగ్గు. ఒకాయన కార్బొరేటర్ ఎయిర్ స్క్రూ ఇటు తిప్పి అటు తిప్పాడు. ఇంకొకాయన ట్యాంకు మూత తీసి లోపలికి తొంగిచూసి, పెట్రోలు నిండా ఉందని మళ్ళీ బిగించేశాడు. ఒకాయన పెట్రోల్లో కలిపే ఇథనాల్‌ను తిడుతున్నాడు. మరొకాయన కుడివైపు మూత విప్పి పాయింట్లు సరిచేశాడు, అదీ కంటితో! టైమింగ్ ప్లేటు కూడా కొంచెం జరిపాడట. కుర్రాడు కిక్కు కొట్టాడు. రాడ్డు ఎదురుతన్ని కాలిపిక్క మీద పడింది.

పెద్దాయన హెల్మెట్ తీసి కింద పెట్టి అడిగింది ఒకటే.

"ఎవరెవరు ఏమేం తిప్పిన్రు?"

ఎవరూ పలకలేదు. కాసేపటికి ఒకాయన, "జెర్రంత గాలి తగ్గించిన, అంతే" అన్నాడు.

"జెర్రంత అంటే ఎన్ని చుట్లు?"

దానికీ జవాబు లేదు. అప్పుడు నన్ను తీశారు. పాయింట్ల మధ్యకి నా 0.4 రేకు దర్జాగా పోయింది. 0.5 కూడా పోయింది. సందు పెరిగితే పాయింట్లు ముందే తెరుచుకుంటాయి, టైమింగ్ ముందుకు జరుగుతుంది. ఎదురుతన్ను అందుకే. ముందు సందు సరిచేయాలి, ఆ తర్వాతే టైమింగ్. తలకిందులుగా చేస్తే రెండుసార్లు చేయాలి. పెద్దాయన సందు కుదిర్చి, ప్లగ్గు రంధ్రంలోంచి పిస్టన్ ఎత్తు చూసుకుంటూ టైమింగ్ పెట్టి, ఎయిర్ స్క్రూని మొదలంటా బిగించి లెక్కపెట్టి వెనక్కి తిప్పేసరికి ఎండ నడినెత్తికొచ్చింది. బండి ఒక్క కిక్కుకు లేచింది. అందరూ చప్పట్లు కొట్టారు.

వికారాబాద్ చేరకముందే మళ్ళీ ఆగింది.

ఈసారి పెద్దాయన ఎవరినీ దిగనివ్వలేదు. కుర్రాణ్ణే అడిగాడు: ఆగే ముందు ఎట్లా ఆగింది? తటాలున ఆగిందా, దమ్ము పోతూ పోతూ ఆగిందా? "పెట్రోలు అయిపోయినట్టు ఆగిందన్నా, పొద్దున కూడా గట్లనే" అన్నాడు కుర్రాడు. ఆ మాట అప్పటిదాకా అతన్ని ఎవరూ అడగలేదు. పెద్దాయన ట్యాంకు మూత కొంచెం వదులు చేశాడు. 'సుయ్'మని గాలి లోపలికి పీల్చుకుంది. ట్యాంకు మూతకు చిన్న గాలిరంధ్రం ఉంటుంది. పెట్రోలు కిందికి దిగుతుంటే ఆ ఖాళీలోకి గాలి రావాలి. కుర్రాడు ముచ్చటపడి వేయించిన కొత్త రబ్బరు వాషరు ఆ రంధ్రాన్ని మూసేసింది. అసలు జబ్బు అదే. పొద్దున ఒకాయన మూత తీసి చూసినప్పుడే అది తాత్కాలికంగా నయమైపోయింది కూడా. అప్పుడే ఒక్క కిక్కు కొట్టి ఉంటే లేచేది. ఈలోగా ఆరు చేతులు కలిసి బండికి మరో మూడు జబ్బులు తెచ్చిపెట్టాయి. బ్లేడుతో వాషరు అంచు కోయడానికి పట్టిన సమయం టీ చల్లారేంత కూడా లేదు.

ఆ తర్వాత క్లబ్బులో కొన్ని మాటలు కట్టుబాట్లయ్యాయి. ఎవరూ రాసి గోడకు అంటించలేదు. ఆగిన బండి మీద ఒక్కరి చేయే పడాలి, మిగతావాళ్ళు నీడలో నిలబడి నీళ్ళిస్తే చాలు. బండివాడు అడక్కుండా మూత విప్పకూడదు. విప్పేముందు అతను చెప్పేది పూర్తిగా వినాలి, ఎందుకంటే ఆ బండి మీద రోజూ కూర్చునేది అతనే. ఏది తిప్పినా ఎంత తిప్పారో పైకి చెప్పాలి. ఒకటి మార్చి చూశాకే రెండోది. ఇంకొకరి బండి ఎక్కి కూర్చోకూడదు, కిక్కు అసలే కొట్టకూడదు. అమ్మకానికి లేని బండిని "ఎంతకిస్తవ్?" అని అడగకూడదు. పార్టు అసలుదా నకలుదా అన్న చర్చ ఏమైనా ఉంటే పక్కకు పిలిచి చెప్పాలి. ఎక్కువ పార్టులు కొనిపెట్టుకున్నవాళ్ళు సాటి సభ్యుడికి కొన్న ధరకే ఇవ్వాలన్నది కూడా ఉంది. దీనికి తల అందరూ ఊపారు, పాటించేది కొందరే. నా అభిప్రాయం అడిగితే, వీటన్నిటిలో కష్టమైనది చేతులు కట్టుకుని నీడలో నిలబడటం. తెలిసినవాడికి అంతకన్నా పెద్ద శిక్ష లేదు.

వీటివల్ల గొడవలు పోయాయని కాదు. జులై రెండో ఆదివారం, అంతర్జాతీయ జావా దినం రోజున అన్ని ఊళ్ళవాళ్ళూ కలిసినప్పుడు లీటరు పెట్రోలుకు టూ టీ ఆయిల్ ఎంత కలపాలన్న దగ్గర టిఫిన్లు చల్లారిపోతాయి. నలభై మిల్లీలీటర్లంటే ఒకటికి ఇరవై ఐదు పాళ్ళు, అదే పాత లెక్క అని ఒక వర్గం. ఇప్పటి ఆయిల్ మంచిది, ముప్పై చాలు, నలభై పోస్తే సైలెన్సర్లో మసి తప్ప ఏం లేదని ఇంకో వర్గం. రెండు వర్గాల బండ్లూ నడుస్తూనే ఉన్నాయి. ద్రవాల సంగతి నాకు తెలియదు కాబట్టి నేను ఎటూ మాట్లాడను.

నా కడుపు మండేది ఇంకో చర్చ దగ్గర. పాయింట్లా, సీడీఐయా? సీడీఐ అనే ఎలక్ట్రానిక్ ఇగ్నిషన్ పెడితే పాయింట్లు ఉండవు, అరుగుదల ఉండదు, నాతో పని ఉండదు. ప్లగ్గు సందుకు నన్ను వాడొచ్చు కదా అంటారు. గుంట పడిన పాత ప్లగ్గుకు నా చదును రేకు సరైన కొలత ఇవ్వదు, దానికి తీగ గేజ్ నయం. ఆ మాట నేనే ఒప్పుకోవాలి. ఇక 2018లో తిరిగొచ్చిన జావాలు, 2022లో వచ్చిన యెజ్డిలు అంటారా, అవి ఫోర్ స్ట్రోక్‌లు, ఫ్యుయెల్ ఇంజెక్షన్‌వి. క్లబ్బులోకి వాటినీ రానిచ్చారు, అది మర్యాద. నావరకు వాటిలో పాయింట్లే లేవు.

చివరికి మా పెద్దాయనే సీడీఐ పెట్టించుకున్నాడు. మోకాళ్ళు వంగడం లేదు, కుడివైపు మూత ముందు గొంతుక్కూర్చోవడం ఇంక తన వల్ల కాదన్నాడు. కోపం రాలేదంటే అబద్ధం. నూనె రాసి, గుడ్డలో చుట్టి, క్లబ్బు టూల్ బాక్సులో పెట్టి వెళ్ళాడు. బాక్సు తాళం ఆ మర్రిచెట్ల కుర్రాడి దగ్గరుంది. ఎవరేం తీసుకుపోయారో ఒక పుస్తకంలో రాయిస్తాడు. నన్ను అడిగినవాళ్ళకు రేకులు తుడిచి పెట్టాలని, తిరిగిచ్చేటప్పుడు నూనె రాయాలని రెండుసార్లు చెప్పి మరీ ఇస్తాడు. నా 0.05 రేకు ఎవరి దగ్గరో నలిగిపోయింది. నలిగిందని చెప్పి, బోల్టు విప్పి తీసి విడిగా ఇచ్చాడాయన. అది చాలు, అంతకన్నా మర్యాద నేను ఆశించను.

బాక్సులో నా పక్క అర డైనమో పుల్లర్‌ది. నాకన్నా దానికే గిరాకీ, ఎందుకంటే అది లేకుండా డైనమో బయటికి రాదు, సుత్తితో కొడితే క్రాంక్ పాడవుతుంది. దసరాకు ముందు తీసుకుపోయినాయన ఇంకా తేలేదు. పుస్తకంలో పేరుంది, తారీఖుంది, సంతకముంది. కుర్రాడు రోజూ ఫోన్ చేస్తున్నాడు. ఆయన ఎత్తడం లేదు.